మణికట్టు మీద పట్టీ, నిద్ర లెక్క



ఈమధ్య పిల్లల చేతులకి నల్లటి రబ్బరు పట్టీ ఒకటి మీరూ చూసేవుంటారు. కొన్నిటికి గడియారం ముఖం వుంటుంది. కొన్నిటికి అదీ వుండదు, ఉత్త పట్టీయే. రోజుకి ఎన్ని అడుగులు వేశామో, గుండె ఎంత వేగంగా కొట్టుకుందో, రాత్రి ఎంతసేపు నిద్రపోయామో, నిన్నటి అలసట నుంచి ఒళ్ళు ఎంతవరకు తేరుకుందో, అన్నీ కనిపెట్టి ఫోనులో చెబుతుందన్నమాట. మా అమ్మాయి కాలేజీ తరఫున ఎనిమిదివందల మీటర్ల పందెంలో పరిగెడుతుంది. దానికి కొత్త పట్టీ కొన్నాక పాతది నాకొచ్చింది. పట్టుచీరలు తల్లి దగ్గర్నుంచి కూతురికి వెళ్తాయి, యంత్రాలు కూతురి దగ్గర్నుంచి తల్లికి వస్తాయి. అలాంటి రోజులు కదండీ ఇవి!

పోయిన చలికాలంలో మా అత్తగారు జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయి ఇంటికి తీసుకొచ్చాక పదిహేను రాత్రులు ఆవిడ పక్కనే మడతమంచం వేసుకుని పడుకున్నాను. ఆవిడకి కాస్త కునుకు పట్టడమే గగనం. నేను ఇటు నుంచి అటు ఒత్తిగిలితే చాలు, మడతమంచం కిర్రుమనేది, ఆవిడ ఉలిక్కిపడి లేచేవారు, ఇక తెల్లవార్లూ మూలుగే. అందుకని కళ్ళు తెరుచుకుని కొయ్యబొమ్మలా పడివుండేదాన్ని. అలాంటి ఒక రాత్రి గడిచాక మా వారు కాఫీ తాగుతూ నా ఫోను తీసి చూశారు. "ఆరుగంటల యాభై నిమిషాలు నిద్రపోయావే! పోనీలే, నేను అనవసరంగా కంగారుపడ్డాను" అన్నారు. నేను రెప్ప వెయ్యలేదండీ అంటే ఆయన నమ్మినట్టు కనబడలేదు. అబద్ధమాడుతున్నానని ఆయన ఉద్దేశం కాదు. యంత్రం ఎందుకు పొరబడుతుందని!

ఎందుకు పొరబడిందో తెలుసుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. కొన్నాళ్ళు పుస్తకాలు, పత్రికలు వెదికి, అమ్మాయి చేత కొన్ని చదివించుకుని తెలుసుకున్న కథ ఇది. ఈ పట్టీ వెనకాల నాలుగువందల ఏళ్ళ చరిత్ర వుంది.

నిజానికి మణికట్టు దగ్గర మనిషి స్థితి తెలుసుకోవచ్చన్న ఊహ అంతకంటే పాతది. మన వైద్యంలో శార్ఙ్గధర సంహితలో నాడి చూసే పద్ధతి వుంది. వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందన్నారు. మగవారికి కుడిచెయ్యి, ఆడవారికి ఎడమచెయ్యి చూడాలన్నారు. మా అమ్మమ్మగారి ఊళ్ళో వైద్యుడుగారు మూడువేళ్ళు మణికట్టు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, ముందుగా అడిగే మాట ఒకటుండేది: "రాత్రి నిద్ర పట్టిందా తల్లీ?" ఆయన వేళ్ళకి అంత తెలిసినా, నిద్ర సంగతి మాత్రం నోటితో అడిగేవారు.

నాడిని అంకెల్లోకి దించాలన్న పట్టుదల ఇటలీలో మొదలైంది. పదిహేడో శతాబ్దం తొలిరోజుల్లో పాదువా నగరంలో సాంటోరియో అనే వైద్యుడుండేవాడు. అప్పటికి సెకన్ల ముల్లున్న గడియారాలు వాడుకలో లేవు. ఆయన దారానికి చిన్న గుండు కట్టి ఊపేవాడు. దారం పొడుగైతే ఊపు నెమ్మదిస్తుంది, పొట్టిదైతే తొందరపడుతుంది. ఆ ఊపు రోగి నాడితో కలిసేదాకా దారాన్ని సర్ది, ఆ దారం పొడుగు రాసుకునేవాడు. అంటే అప్పట్లో నాడి నిమిషానికి ఇన్నిసార్లని కాదు, ఇంత పొడుగని లెక్క! ఇంకో విచిత్రం. ఈయన పెద్ద తక్కెడకి కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని భోంచేసి, తిన్నదీ తాగినదీ, ఒంట్లోంచి పోయినదీ తూచుకుంటూ ఏళ్ళు గడిపాడు. 1614లో ఆ లెక్కలతో పుస్తకం వేశాడు. తనని తాను రోజూ కొలుచుకునే ఈ అలవాటుకి మూలపురుషుడు ఆయనేననిపిస్తుంది నాకు. వాళ్ళావిడ ఆ తక్కెడ కింద వూడ్చుకోలేక ఎంత విసుక్కునేదో అనుకున్నాను గానీ, ఆయన పెళ్ళే చేసుకోలేదట.

1707లో ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక్క నిమిషం నడిచే గడియారం చేయించాడు. నాడిని నిమిషానికి ఇన్ని అని లెక్కపెట్టడం దాంతో సులువైంది. ఆ తర్వాత 1860లో ఫ్రాన్సులో మారే అనే ఆయన చేసిన పరికరం వుంది చూశారూ, అదే మన పట్టీకి అసలైన ముత్తాత. దాన్ని ముంజేతికి కట్టేవారు. నాడి మీద చిన్న మీట ఆని వుండేది. నాడి ఎగిసినప్పుడల్లా మీట లేచి, మసి పట్టించిన కాగితం మీద గీత గీసేది. మనం దీపం మీద గిన్నె బోర్లించి కాటుక పట్టినట్టే వాళ్ళు కాగితానికి మసి పట్టేవారు. మనిషి నాడి తన రాత తనే రాసుకోవడం అన్నమాట.

తర్వాత గుండెలో పుట్టే విద్యుత్తునే కొలిచే యంత్రాలొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హాలండులో ఐంథోవెన్ తయారుచేసిన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి, రోగి ఉప్పునీళ్ళ బాల్చీల్లో చేతులు పెట్టుకు కూర్చోవాలి. దానికే ఆయనకి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. పడకమీద కాకుండా పని చేసుకుంటున్న మనిషి గుండెని చూడాలని అమెరికాలో నార్మన్ హోల్టర్ తలపెట్టాడు. 1940లలో ఆయన చేసిన మొదటి యంత్రం 38 కిలోలు. దాన్ని మూటలా వీపున మోస్తూ తిరగాలి. ఇప్పుడు డాక్టర్లు ఒక రోజు కట్టుకోమని ఇచ్చే అరచేతిలో పట్టే పెట్టెని హోల్టర్ అంటారే, అది ఆయన పేరే.

ఆటగాళ్ళ దగ్గరికి ఇది చేరింది ఫిన్లండులో. మంచు మీద స్కీయింగు చేసేవాళ్ళ గుండె వేగం, వాళ్ళు ఆగకుండానే తెలిస్తే ఎంత బావుండునని అక్కడి శిక్షకులకి వుండేది. ఔలు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చెప్పే సెప్పో సైనయకంగస్ 1977లో పోలార్ అనే సంస్థ పెట్టాడు. 1982లో ఛాతీకి ఒక పట్టీ, చేతికి ఒక గడియారం వచ్చాయి. మధ్యలో తీగ లేదు. పరిగెత్తే మనిషి తన గుండె వేగాన్ని తనే చూసుకోవడం అలా మొదలైంది.

అయితే, వేగం తెలిస్తే సరిపోతుందా? ఎంత వేగం దాటకూడదు? ఇక్కడే మన ఆడవాళ్ళకి సంబంధించిన మాట ఒకటుంది. 220లోంచి వయసు తీసెయ్యమని వ్యాయామశాలల గోడల మీద రాసి వుంటుంది. 1970 ప్రాంతంలో ఫాక్స్, హాస్కెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, ఎక్కువగా మగవాళ్ళ మీద జరిగిన కొన్ని పరీక్షల అంకెలు కలిపి వేసిన ఉజ్జాయింపు గీత అది. అదే వేదవాక్కయి కూర్చుంది. 2010లో షికాగోలో మార్తా గులాటీ అనే డాక్టరు ఐదువేలకి పైగా ఆడవాళ్ళ అంకెలు తీసి చూస్తే, వయసుని 0.88తో హెచ్చించి 206లోంచి తీసెయ్యాలని తేలింది. నలభైఐదేళ్ళ ఆడమనిషికి పాత లెక్క 175, కొత్త లెక్క 166. నలభై ఏళ్ళపాటు మన గుండెకి వాళ్ళ కొలత పెట్టి, అందుకోలేకపోతే మనదే లోపమన్నారన్నమాట.

ఇక "తేరుకోవడం" సంగతి. అమ్మాయి పట్టీ పొద్దున్నే నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది. ఆకుపచ్చ వస్తే గట్టిగా సాధన చెయ్యొచ్చు, ఎరుపు వస్తే ఒళ్ళు ఇంకా తేరుకోలేదని. ఒంటి అలసట దానికెలా తెలుస్తుంది? గుండె నిమిషానికి అరవైసార్లు కొట్టుకుంటోందంటే సెకనుకొకసారి ఠంచనుగా కొట్టుకుంటుందనుకుంటాం. అలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త తొందరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. 1847లోనే జర్మనీలో కార్ల్ లుడ్విగ్ దీన్ని గమనించాడు. హాయిగా వున్న మనిషికి ఈ ఎడాల్లో తేడాలు ఎక్కువ. బాగా అలిసినా, జ్వరం తగిలినా, దిగులు పడినా తేడాలు తగ్గి గుండె గడియారంలా కొట్టుకుంటుంది. ఇది వైద్యంలో మొదట అక్కరకొచ్చింది ఎవరికో తెలుసాండీ? ఆటగాళ్ళకి కాదు, పురిట్లో బిడ్డలకి. 1960లలో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్ అనే ప్రసూతి వైద్యుడు, కడుపులో బిడ్డ ఆపదలో పడబోయే ముందు, గుండె వేగం మారకముందే, ఈ ఎడాల్లో తేడాలు తగ్గిపోతాయని కనిపెట్టాడు. ఆ రోజుల్లోనే రష్యావాళ్ళు రోదసిలోకి పంపిన మనుషుల్ని ఇదే కొలతతో కనిపెట్టుకుని వున్నారు. అక్కణ్ణుంచి అది మైదానాల్లోకి వచ్చింది. 2012లో హార్వర్డ్‌లో స్క్వాష్ ఆడే విల్ అహ్మద్ స్థాపించిన వూప్ సంస్థ, ఆ మర్నాడే ఫిన్లండులో పుట్టిన ఔరా ఉంగరం, వీటన్నిటి లెక్కకీ మూలం అదే.

ఆ మర్నాడే అని నోరుజారాను, మరుసటి ఏడు అనుకోండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అంతర్ కాలేజీ పోటీల రోజు పొద్దున్న మా అమ్మాయి మంచం మీంచి లేవలేదు. నూటికి ఇరవై ఎనిమిది, ఎరుపు. "అమ్మా, నావల్ల కాదే ఇవాళ" అని మొహం వేలాడేసింది. నాలుగు నెలలుగా చీకటితో లేచి పరిగెత్తిన పిల్ల! నేను తేదీ చూశాను. నెలసరికి ఇంక రెండురోజులే వుంది. ఆ ముందు రోజుల్లో ఆడవాళ్ళకి ఒంటి వేడి కాస్త పెరుగుతుంది, నాడి కాస్త తొందరపడుతుంది, ఇందాక చెప్పిన తేడాలు తగ్గుతాయి. అది జబ్బూ కాదు, అలసటా కాదు. "ఒళ్ళెలా వుందే?" అని అడిగితే, ఒక నిమిషం ఆలోచించి, "బాగానే వుందమ్మా" అంది. ఆ మాట తనకి అప్పుడే తెలిసినట్టు. లేచి వెళ్ళింది. మూడోస్థానం వచ్చింది.

2014లో అమెరికాలో కొలరాడోలో చేసిన ఒక పరీక్ష గురించి తర్వాత చదివాను. కొందరికి యంత్రాలు తగిలించి, "రాత్రి మీకు మంచి నిద్ర పట్టింది" అని కొందరితో, "సరిగ్గా పట్టలేదు" అని కొందరితో చెప్పారు. రెండూ కల్పించి చెప్పినవే. ఆ తర్వాత లెక్కల పరీక్ష పెడితే, మంచి నిద్ర అని విన్నవాళ్ళు బాగా చేశారు, కాదని విన్నవాళ్ళు చతికిలబడ్డారు. వాళ్ళు నిజంగా ఎలా పడుకున్నారన్నది అంత పట్టింపుకి రాలేదు. 2017లో షికాగోలో నిద్ర వైద్యులు, పట్టీ అంకెల కోసం ఆరాటపడి ఉన్న నిద్ర చెడగొట్టుకుంటున్న రోగుల గురించి రాసి, ఆ అవస్థకి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

ఇక నిద్ర కథకి వస్తాను. నా తగాదా దానితోనే కదా.

జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడుండేవాడు. కుర్రతనంలో సైన్యంలో వున్నప్పుడు గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్నాడు. ఆ రోజే దూరాన ఇంట్లో వున్న అక్కగారు తమ్ముడికేదో అయిందని పట్టుబట్టి తంతి కొట్టించింది. మనసులోని మాట అంత దూరం ఎలా వెళ్ళిందన్న ప్రశ్నే ఆయన్ని జీవితాంతం తరిమింది. దానికి జవాబు దొరకలేదు గానీ, 1924లో మనిషి మెదడులో పుట్టే విద్యుత్తు అలల్ని పట్టుకున్నాడు. 1929లో ప్రకటించాడు. మెలకువలో ఒకలాగ, నిద్రలో మరోలాగ ఆ అలలు వుంటాయని తేలాక, నిద్ర అంటే ఏమిటో కొలిచి చూసే దారి దొరికింది.

తర్వాత 1950 ప్రాంతంలో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి, మూలపడేసిన పాత యంత్రమొకటి బాగుచేసుకుని, తన ఎనిమిదేళ్ళ కొడుకునే పడుకోబెట్టి, తలకి తీగలంటించి రాత్రంతా కూర్చున్నాడు. నిద్ర మధ్యలో మూసిన రెప్పల కింద పిల్లవాడి కళ్ళు గబగబా కదులుతున్నాయి. గురువు క్లైట్‌మన్‌తో కలిసి 1953లో దాన్ని ప్రకటిస్తే లోకమంతా ఆశ్చర్యపోయింది. కలలొచ్చే నిద్ర అదేనన్నారు. ఉయ్యాల పక్కన కూర్చున్న ఏ తల్లి చూడలేదండీ ఆ కదలిక? దేవుడు నవ్విస్తున్నాడని చెప్పుకున్నామే గానీ, కాగితం మీద పెట్టలేదు.

అలా నిద్రని నిజంగా కొలవాలంటే తల మీద తీగలు, కళ్ళ పక్కన తీగలు, గడ్డం కింద తీగలు, పక్క గదిలో ఒక మనిషి కాపలా. ఇప్పటికీ ఆసుపత్రుల్లో నిద్ర పరీక్ష అంటే ఇదే. ఖర్చెక్కువ, పైగా కొత్తచోట అన్ని తీగలతో నిద్ర ఎవరికి పడుతుంది? అందుకని 1970లలో అమెరికాలో పరిశోధకులు దగ్గరదారి ఒకటి పట్టారు. చేతికి గడియారంలాంటి చిన్న పరికరం కడతారు. అది చెయ్యి కదలడాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. కదిలితే మెలకువ, చాలాసేపు కదలకపోతే నిద్ర. 1982లోనూ, 1992లోనూ దీనికి గణిత సూత్రాలు కట్టారు.

కదలికని పట్టే బిళ్ళలు మోటారుకార్లలోకి, ఆటబొమ్మల్లోకి చేరి చవకయ్యాక, 2006లో వచ్చిన వీ అనే ఆటల యంత్రం చూసి జేమ్స్ పార్క్ అనే అతను మిత్రుడితో కలిసి 2007లో ఫిట్‌బిట్ సంస్థ పెట్టాడు. 2009లో వాళ్ళ పరికరం అంగడికి వచ్చింది. పగలు నడుముకి, రాత్రి మణికట్టుకి. ఆ తర్వాత దానికి వెలుగు తోడైంది. పట్టీ అడుగున ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమనడం చూసేవుంటారు. రక్తం ఆకుపచ్చ వెలుగుని బాగా మింగుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఇలా వెలుగుతో రక్తాన్ని చూడడం 1930లలో హెర్ట్‌జ్‌మన్ మొదలుపెట్టిన విద్యే. కరోనా రోజుల్లో మన ఇళ్ళన్నిటికీ వచ్చిన వేలి క్లిప్పుకి, 1970లలో జపానులో తకువో అఒయాగి కనిపెట్టిన ఆ పరికరానికి, ఇది దగ్గరి చుట్టమే. ఆ క్లిప్పులు నల్లని చర్మం మీద ఆక్సిజన్ని వున్నదానికంటే ఎక్కువ చూపిస్తాయని, అలా ప్రమాదం కనబడకుండా పోవడం తెల్లవారిలో కంటే నల్లవారిలో దాదాపు మూడురెట్లని 2020లో అమెరికాలో బయటపడింది. తెల్లని చేతుల మీద సరిచూసుకుని లోకమంతా అమ్మితే అలాగే వుంటుంది మరి.

కనక నా చేతి పట్టీకి తెలిసినవి రెండే: చెయ్యి కదలడం, నాడి కొట్టుకోవడం. మెదడు దానికి కనబడదు. నిద్ర అన్నది ఆ రెండిట్లోంచి అది చేసే ఊహ. ఆరోగ్యంగా వుండి రాత్రంతా నిద్రపోయేవాళ్ళ దగ్గర ఆ ఊహ చాలామటుకు సరిపోతుంది. ఎందుకంటే వాళ్ళు ఎలాగూ నిద్రపోతూనే వుంటారు. నిద్రని గుర్తించడంలో ఈ పరికరాలు దిట్టలే. కదలకుండా మేలుకుని వున్న మనిషి దగ్గరే తడబడతాయని, ఆసుపత్రి పరీక్షతో పోల్చి చూసిన పరిశోధకులు పదేపదే రాశారు. అలా కదలకుండా మేలుకుని వుండేది ఎవరు? జ్వరం పిల్లని గుండెల మీద పడుకోబెట్టుకున్న తల్లి. మగపిల్లాడు ఇంకా ఇంటికి రాలేదని వీధితలుపు చప్పుడుకి చెవి ఒగ్గి పడుకున్న ఇల్లాలు. మడతమంచం కిర్రుమనకూడదని ఊపిరి బిగబట్టుకున్న కోడలు. అత్తగారు నిద్రపోవాలని నేను ఎంత బాగా కదలకుండా వుంటే, పట్టీ నాకు అంత మంచి మార్కులు వేసింది.

ఇదంతా మా వారికి చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. "అయితే రేపటి నుంచి రోజు విడిచి రోజు నేను పడుకుంటాను అమ్మ దగ్గర" అన్నారు. మొదటి వంతు రాత్రి, సరదాకి, ఆ పట్టీ ఆయన చేతికి కట్టాం. పొద్దున్న చూస్తే ఏడుగంటల పది నిమిషాల నిద్ర. నేను ఏమీ అనకముందే మా అత్తగారు మంచం మీంచి అన్నారు: "అది నిజమేనమ్మా. మంచినీళ్ళ కోసం రెండుసార్లు పిలిచాను."